ఎవరింటికొచ్చారు బావూ?

ఇంటికొచ్చి మూడు రోజులైంది. మా అత్త ఇంకా సిక్కోలు యాసలోనే ఉంది. యాభై ఏళ్లు రాజమండ్రిలో కాపురం చేసి, అందరిలాగే "వెళ్తున్నా" అన్న మనిషి, నాలుగు రోజులు అక్కడి గాలి తగిలేసరికి "ఎల్తన్నాను" అంటోంది. పిల్లలు నవ్వితే "నవ్వీసుకోండి" అంటోంది.

మా నాన్నది శ్రీకాకుళం. ఉద్యోగానికి ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ గోదావరి ఒడ్డునే. అత్తకి అరవై తొమ్మిది నిండాయి. "కళింగపట్నం సముద్రం ఇంకోసారి చూపించరా" అని రెండేళ్లుగా పోరుతోంది. ఎలాగూ వెళ్తున్నాం కదా, నాగావళి దగ్గర మొదలుపెట్టి ఒడిశా సరిహద్దు దాకా తీరం వెంట పోదామన్నాను. "మోకాళ్లు నీవా?" అంది గానీ మర్నాటికల్లా సంచి సర్దేసింది.

8 ఫిబ్రవరి 2025, శనివారం. సిక్కోలు

'శ్రీకాకుళం రోడ్' అన్న బోర్డు చూసి రైలు దిగితే శ్రీకాకుళం కనబడదు. మనం దిగింది ఆమదాలవలసలో. ఊరికి ఇంకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోవాలి. ఆటో అబ్బాయి మూడొందలన్నాడు, అత్త రెండొందల యాభైకి దించింది. బయల్దేరిన రెండో నిమిషంలోనే అడిగాడు: "ఎవరింటికొచ్చారు బావూ?"

ఊరు చూడ్డానికొచ్చామన్నాను. అద్దంలోంచి నన్నోసారి, అత్తనోసారి చూశాడు. "ఊళ్లో సూడ్డానికేటుంది బావూ? అందరూ అరసవిల్లి ఎల్లీసి ఎల్లిపోతారు."

ఆ నాలుగు రోజుల్లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. టీ కొట్టులో, గుడి మెట్ల మీద, బస్సులో పక్క సీటు వాళ్ల దగ్గర, అంతటా ఇదే. వేరే చోట "ఎక్కణ్ణించొచ్చారు?" అంటారు, ఇక్కడ మాత్రం "ఎవరింటికి?" అంటారు. ఈ జిల్లాకి వచ్చినవాడు ఎవరికో ఒకరికి చుట్టమై ఉండాలి, లేకపోతే లెక్క కుదరదు.

గుడివీధిలో అత్త పుట్టిన ఇల్లు లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల మేడ లేచింది, కింద సెల్‌ఫోన్ల కొట్టు. అత్త ఎదుటి అరుగు మీద కూర్చుని కాసేపు మెట్లు చూసి, "నుయ్యి ఎక్కడుండేదంటే, అదిగో ఆ ఫ్రిజ్ పెట్టిన కాడ" అంది. కొట్టువాడు కూల్‌డ్రింక్ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

కోటేశ్వరస్వామి గుడి వెనక నాగావళి. ఫిబ్రవరి కాబట్టి నది సగానికి పైగా ఇసకే, ఓ పక్కన పాయలా నీళ్లు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి 256 కిలోమీటర్లలో సముద్రంలో పడిపోయే నది ఇది. వంశధార పొడవూ ఇంచుమించు అంతే. గోదావరిని చూసిన కళ్లకి ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ పైన కొండల్లో వాన పడిందంటే వరద చూస్తుండగానే ఇక్కడికి దిగిపోతుంది. ఆ తర్వాత ఏడాదంతా ఇసక మేటలే.

టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన, రిటైరైన రెవెన్యూ ఉద్యోగి, ఊరి పేరు పుట్టుక చెప్పాడు. నవాబుల కాలంలో శిస్తు సంచుల సీళ్లు ఇక్కడ విప్పేవారట. సిక్కా ఖోల్, అదే సిక్కోలు అయిందట. ఇలాంటి పుట్టుకలు నేను సులభంగా నమ్మను గానీ, చెప్పిన పద్ధతికి ఇంకో టీ ఇప్పించాను. ఊరికి గుల్షనాబాద్ అన్న పేరు ఉండడం మాత్రం నిజమే. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది. డచ్చివాళ్లు వచ్చి బంగళా కట్టుకున్నారు. 1753లో సర్కారు జిల్లాలతో పాటు ఫ్రెంచివాళ్లకి దక్కింది. తర్వాత ఇంగ్లీషువాళ్లొచ్చి 'చికాకోల్' అని రాసుకున్నారు.

"ఆలంతా ఎవరింటికొచ్చినారో?" అంది అత్త.

పెద్దాయన బాధ వేరు. 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి విడిపోయి పుట్టిన జిల్లాలోంచి, 1979లో విజయనగరం ఓ ముక్క పట్టుకుపోయింది. 2022లో పాలకొండ మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లిపోయాయి. "మా ఆవిడది పాలకొండ. అత్తారింటికెల్లాలంటే ఇప్పుడు వేరే జిల్లా" అని, నవ్వొచ్చే మాట కాకపోయినా నవ్వాడు.

మధ్యాహ్నం మెస్సులో భోజనం, మనిషికి 130 రూపాయలు. అడక్కుండానే ఎండు నెత్తళ్లు వంకాయ కూర వేశారు. మా ఇంట్లో ఎండుచేప వండితే కిటికీలన్నీ తెరుస్తారు. ఇక్కడ ఆ వాసనకే కడుపు నిండా తిన్నాను. అన్నం వద్దని చెయ్యి అడ్డం పెడితే వడ్డించే ఆయన వేళ్ల సందుల్లోంచే వేసేశాడు.

సాయంత్రం శ్రీకూర్మం. కూర్మావతారానికి పూజ జరిగే గుడి ఇది. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. స్తంభాల నిండా శాసనాలే. పదమూడో శతాబ్దంలో గాంగుల రాజ్యాన్ని నడిపించిన మధ్వ యతి నరహరి తీర్థుల శాసనం కూడా ఇక్కడే ఉంది. అత్త శాసనాల జోలికి పోలేదు. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర నిలబడిపోయింది. ఒకటి తోటకూర కాడని పట్టుకుని అటూ ఇటూ లాగుతోంది, నోట్లోకి పోవడం లేదు. పావుగంట చూసి, "దీనికి తొందర్లేదురా" అంది.

9 ఫిబ్రవరి, ఆదివారం. అరసవల్లి, శాలిహుండం, కళింగపట్నం

తప్పు నాదే. మాఘమాసం, పైగా ఆదివారం. రథసప్తమి అయ్యి ఐదు రోజులే, కట్టిన బారికేడ్లు ఇంకా విప్పలేదు. అలాంటి రోజున సూర్యుడి గుడికి 'పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది' అనుకున్నాను. ఆరింటికే క్యూ రోడ్డెక్కింది. గుడి చుట్టూ పిడకల పొయ్యిలు, వాటి మీద పాలు పొంగుతుంటే ఆడవాళ్లు గుప్పిళ్లతో బియ్యం పోస్తున్నారు. పొగకి కళ్లు మండాయి. మూడు గంటలు నిలబడితే దర్శనం మూడు క్షణాలు. ఏడాదిలో రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు నేరుగా వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. కళింగ గాంగుల్లో దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. క్యూలో ఒకావిడ తన మడత కుర్చీ అత్తకిచ్చి తను నిలబడింది. కుర్చీ ఇచ్చాక అడిగింది, "ఎవరింటికొచ్చారమ్మా?"

అత్త ఈసారి తడుముకోలేదు. "మా నాయినింటికి" అంది.

అక్కణ్ణించి ఆటో రోజంతటికీ మాట్లాడుకున్నాం, 1,600 రూపాయలు. శాలిహుండం కొండ పెద్ద ఎత్తేమీ కాదు గానీ మెట్లున్నాయి. అత్త కింద చెట్టు నీడన ఆటో అబ్బాయితో తేగలు తింటూ కూర్చుంది, నేనొక్కణ్ణే ఎక్కాను. పైన ఇటుక స్తూపాలు, చైత్యాలు, వెడల్పాటి పునాదులు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు వీటిని బయట ప్రపంచానికి చూపించారు. ఆయన్ని మనం వ్యావహారిక భాషకి, సవర భాషకి గుర్తుపెట్టుకుంటాం, ఈ కొండ సంగతి మర్చిపోతాం. తవ్వకాల్లో బయటపడ్డ తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు మ్యూజియంలో ఉన్నాయి. క్రీస్తుకు ముందు మొదలై వెయ్యేళ్లకి పైగా ఇక్కడ బౌద్ధులున్నారు.

ఇంతకాలం ఎందుకున్నారో కొండ మీద నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. కింద వంశధార మెలికలు తిరుగుతూ పోతోంది, తూర్పున నది సముద్రంలో కలిసే చోట తెల్లటి గీత. రేవు కనబడుతుంది, రేవుకి అందనంత దూరంలో ప్రశాంతంగానూ ఉంటుంది. ఓడల వాళ్లు దానాలిచ్చి ఉంటారు, భిక్షువులు ఓడలెక్కి ఉంటారు. మలయా వైపు మనవాళ్లని 'క్లింగ్' అని పిలిచేవారంటే అది కళింగ నుంచి వచ్చిన మాటే. అప్పుడు ఈ తీరం నుంచి వెళ్లినవాళ్లు తమ దేశం పేరుని అక్కడ వదిలొచ్చారు.

కళింగపట్నం చేరేసరికి నాలుగు దాటింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో స్టీమర్లు ఆగిన రేవు ఇది. ఇప్పుడు లైట్‌హౌస్ ఉంది, బీచ్‌లో బొమ్మలున్నాయి, సెల్ఫీలు దిగే కుర్రాళ్లున్నారు. ఓడలు లేవు. అత్త చెప్పులు నా చేతికిచ్చి, చీర కుచ్చెళ్లు పైకి దోపి నడిచింది. ఏడేళ్ల వయసులో మాఘ పౌర్ణమి స్నానానికి మా తాత ఎడ్లబండి మీద తీసుకొచ్చాడట. కెరటం పాదాలు తడిపి వెనక్కి పోతుంటే కాళ్ల కింద ఇసక జారింది, తూలి నా భుజం పట్టుకుంది. "అప్పుడూ ఇలగే జారింది" అంది. ఇంకేమీ అనలేదు. ముంచుకొచ్చే ఏడుపేదో ఉంటుందని నేను సిద్ధపడ్డాను గానీ, ఆవిడ దృష్టి దూరంగా వల బాగుచేస్తున్న మనిషి మీద పడింది.

ఆవిడకీ అరవై దాటి ఉంటాయి. నైలాన్ వల ఒళ్లో పరుచుకుని, తెగిన కన్ను కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, చెక్క సూదితో ముడి వేస్తోంది. ముడికి ముడికీ మధ్య కొలత చూపుడువేలి గణుపు. మాతో మాట్లాడుతున్నంతసేపూ ఒక్కసారీ వల వైపు చూడలేదు, ఒక్క కన్నూ తప్పలేదు.

"ఎవరింటికొచ్చారమ్మా?"

అత్త తన కథంతా చెప్పి, పిల్లలెంతమంది అని అడిగింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ వెరావల్‌లో. గుజరాత్‌లో ఉన్న ఆ ఊరి పేరు ఇక్కడ పక్క ఊరి పేరంత మామూలుగా వినబడుతుంది. ఇంత పొడుగు తీరంలో మరపడవ కట్టుకోవడానికి సరైన జెట్టీ లేదు. తెప్పలూ ఫైబర్ పడవలూ కెరటాల మీంచి నెట్టుకుని పోయి, మళ్లీ ఇసక మీదికే లాక్కోవాలి. అందుకని వేటకాలం మొత్తం అక్కడి బోట్ల మీద కూలికి పోతారు. సముద్రం పక్కనే పుట్టినవాడు సముద్రం కోసం దేశం అడ్డంగా దాటిపోతున్నాడు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఇరవై మంది దాకా హద్దు దాటారని పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఏడాది పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు.

"బయమెయ్యదా?" అంది అత్త.

"బయమేస్తే? ఇక్కడుంటే ఏటి తింటాడు?" సూది ఆగలేదు. లేచి వెళ్తుంటే బుట్టలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్లు కాగితంలో చుట్టి అత్త సంచిలో పెట్టేసింది. ఆ వాసన మిగిలిన రెండు రోజులూ మాతోనే వచ్చింది.

10 ఫిబ్రవరి, సోమవారం. ముఖలింగం, తేలినీలాపురం

తిలారు దగ్గర హైవే దిగాక ఫోన్‌లో మ్యాప్ ఆగిపోయింది. రోడ్డు రెండుగా చీలిన చోట బోర్డు లేదు. వరికుప్పల దగ్గరున్న ఒకాయన్ని అడిగితే "తిన్నగా ఎల్లిపోండి" అన్నాడు. తిన్నగా వెళ్తే ముప్పావుగంటకి హిరమండలం బోర్డు కనబడింది. ఇవాళ్టి ఆటో అబ్బాయి నన్ను తిట్టలేక రోడ్డుని తిట్టాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ వరికుప్పల మనిషే ఎదురై, "ముకలింగమా? నానింకా ఈరమండలం అనుకున్నాను" అన్నాడు. అదనంగా రెండొందలు.

ఇప్పుడు ముఖలింగం చిన్న పల్లె. గుడి గోడకి ఆనుకునే ఇళ్లు, ఇంటి ముందు పేడ కళ్లాపి, గుడి ముందు మేకలు. ఇదే కళింగనగరం, గాంగుల రాజధాని. పన్నెండో శతాబ్దంలో అనంతవర్మ చోడగంగ రాజధానిని ఇక్కణ్ణించి కటకానికి మార్చేశాడు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టిన రాజు ఆయనే. అంటే వలస అనేది ఇక్కడ రాజుగారితోనే మొదలైంది. ఈ మాట ఆటో అబ్బాయితో అంటే, "ఆయనకి మన కలెక్టరాపీసు లాటిది అక్కడ కట్టుకున్నాడన్నమాట" అన్నాడు. నాకంటే వాడే బాగా చెప్పాడు.

మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని కథ. శాపం తగిలి శబరులుగా పుట్టిన గంధర్వుల్లో ఒకడికి ఇద్దరు భార్యలు, ఇప్పపూల కోసం సవతుల తగువు. విసిగి చెట్టు నరికితే లోపల శివుడి ముఖం కనబడిందట. మన స్థలపురాణాల్లో దేవుడు తగువు తీర్చడానికి వెలిసిన చోట్లు ఎన్నో ఉన్నాయి గానీ, ఏరుకునే పూల కోసం జరిగిన తగువు ఇది. సవర పల్లెల్లో ఇప్పటికీ ఇప్పపూలు ఏరి ఎండబెట్టుకుంటారు. లింగం వెనక పెద్ద మట్టి గోళెం ఉంది, ద్వారంలో పట్టేది కాదు. ఒక కుమ్మరి మొక్కుబడి అని పూజారి చెప్పాడు. బయట గోడల మీద చెక్కడాలు చూస్తుంటే గంట ఎలా పోయిందో తెలియలేదు. లతల మధ్య వేలెడంత ఏనుగులు, ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని. ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడ్డ సోమేశ్వరాలయం నాకు ఇంకా నచ్చింది. అక్కడ మేము తప్ప ఎవరూ లేరు. అత్త నీడలో పడుకుని గురక పెట్టింది.

టెక్కలి దాటి తేలినీలాపురం చేరేసరికి ఎండ వాలుతోంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా చలికాలం ఈ పల్లెకొచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లోవాళ్ల మాట. కింద వాకిట్లో తెల్లటి రెట్టలు, చేపల వాసన, పైన పిల్లల గోల. ఎవరూ అదిలించరు. "పురిటికొచ్చిన ఆడపిల్లల్ని తరిమేత్తామా?" అంది ఒక ఇల్లాలు. ఆవిడ ఇంటి పెంకుల మీద ఒక చేప పడి ఉంది, గూడబాతు నోట్లోంచి జారింది. ఆ చేపని పిల్లి చూసింది, పిల్లిని మేం చూశాం. ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

చుట్టూ తంపర అనే చిత్తడి భూములు, నౌపడ ఉప్పు మళ్లు, వాటిలో చేపలు. పక్షులొచ్చేది వాటికోసమే. ఈ చిత్తడి నేలని ఖాళీ నేలంటే ఇక్కడివాళ్లకి కోపం. థర్మల్ ప్లాంట్లు వద్దని సోంపేటలో బీల అనే చిత్తడి నేల దగ్గర 2010 జూలై 14న, ఇక్కడ కాకరాపల్లిలో మరుసటి ఫిబ్రవరిలో జనం అడ్డం పడితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల, తంపర అన్న మాటలు నేను మొదటిసారి విన్నది ఆ వార్తల్లోనే.

11 ఫిబ్రవరి, మంగళవారం. పలాస, ఉద్దానం, ఇచ్ఛాపురం

పలాసలో జీడిపప్పు వాసన ఉంటుందనుకున్నాను, ఉన్నది మాడిన పెంకు వాసన. కాశీబుగ్గ సందుల్లో ఇంటింటా పని నడుస్తోంది. పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఉడికించి ఆరబెట్టిన పిక్కని కత్తెర మిషను మీద కాలితో నొక్కి చీలుస్తారు. పప్పు బయటికి తీసి వేడికి ఆరబెట్టి, గోటితో పొట్టు తీసి, సైజుల వారీగా ఏరతారు. 180, 240, 320 అన్న నంబర్లు పౌండు బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే లెక్క, నంబరు తగ్గితే గింజ పెద్దదన్నమాట. పెంకులోని నూనె తగిలితే చర్మం కాలిపోతుంది. మాతో మాట్లాడిన ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా ఉన్నాయి. ఫోన్ వేలిముద్ర పట్టదట. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పిస్తారు. ఏదో ఒకటి ఇక్కడికి వస్తున్నందుకు అత్త సంతోషించింది.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. రోడ్డుకి రెండు పక్కలా జీడితోటలు, కొబ్బరి, పనస, మునగ. ఇంత పచ్చగా ఉన్న చోట ఇంత జబ్బేమిటో అర్థం కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ రోగి లేని వీధి కనబడదు, కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో తెచ్చారు, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. బొండాలు అమ్మే ఆయన కత్తి ఎడమ చేత్తో పట్టాడు. కుడి మోచేతి దగ్గర డయాలసిస్‌కి పెట్టిన నరం తాడులా ఉబ్బి ఉంది. వారానికి రెండుసార్లు వెళ్తాడట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆయనకి నలభై చెట్లు, తెల్లారేసరికి మిగిలినవి ఆరు. "కొబ్బరి మొక్కంటే పిల్లోడు లాగే బావూ, ఆరేడేళ్లు పెంచాల. ఇప్పుడిప్పుడే కాపుకొత్తన్నాయి." బొండాం ముప్పై రూపాయలు. తను తాగడు, డాక్టరు వద్దన్నాడు.

మందసలో కోవా కొన్నాం. దూరాన మహేంద్రగిరి మబ్బులో సగం కనబడింది. ఇచ్ఛాపురంలో బాహుదా నది పక్కన దహీవడ మీద ఆలూదమ్ వేసి ఇచ్చారు, ప్లేటు నలభై. పులుపూ కారమూ కలిసి ముక్కు కారింది. కొట్టావిడ పిల్లాణ్ణి ఒడియాలో తిట్టి, మమ్మల్ని తెలుగులో పలకరించింది: "ఎవరింటికొచ్చారండి?"

రాత్రి పలాస స్టేషన్లో రైలు గంటన్నర లేటు. ప్లాట్‌ఫాం నిండా ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ఒక్కొక్కరి దగ్గర ఒక బ్యాగు, ఒక ప్లాస్టిక్ బకెట్టు. చెన్నై వెళ్లే రైలు కోసం చూస్తున్నారు. పక్కనున్నవాణ్ణి అత్త అడిగింది, "ఎవరింటికెల్తన్నావు నాయినా?"

"ఇల్లేటి మామ్మా, సైటుకి."

కోవా పొట్లం విప్పి ముందుకి జరిపింది. వాడు రెండు తీసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు, రెండోది కాగితంలో చుట్టి బకెట్టులో సబ్బుపెట్టె పక్కన పెట్టాడు.